మిరప చేలోకి దిగిన ‘ఎమ్మార్’

ఏ మాట వాడాలి

ప్రత్యేక విద్యలో డిప్లొమా పూర్తిచేసి కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ గ్లాసు చేతికివ్వగానే వాళ్లు అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. “మేడమ్, ఇప్పుడు వీళ్లని ఏమని పిలవాలి? ఏ మాట కరెక్టు?”

కరెక్టు మాట చెప్పి పంపించేయవచ్చు. ఇప్పుడు ఏది చెలామణిలో ఉందో నాకూ తెలుసు. కానీ నా ఉద్యోగ జీవితంలోనే ఆ కరెక్టు మాట చాలాసార్లు మారింది. మారినప్పుడల్లా మాకు శిక్షణ తరగతి పెట్టి పాత మాట ఎందుకు తప్పో చెప్పారు. అది ఒకప్పుడు ఎందుకు ఒప్పయిందో ఎవరూ చెప్పలేదు. దాన్ని నేను గ్రంథాలయంలో చదివి తెలుసుకున్నాను. మిగతాది ప్రత్తిపాడు అవతల ఒక మిరప చేలో తెలిసింది. రెండూ ఇక్కడ రాస్తాను.

ముందు నా పని ఏమిటో చెప్పాలి. బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్న పిల్లలకు నేను టీచర్ని. గుంటూరు బ్రాడీపేటలో ఒక రిటైరైన డాక్టరుగారు అద్దె ఇంట్లో నడిపిన బడిలో చేరాను, అక్కడే ముసలిదాన్నయ్యాను. పాఠాలంటే పుస్తకాలు కావు. చొక్కా గుండీ పెట్టుకోవడం, దొడ్డికి వెళ్లాలని చెప్పగలగడం, తెలియనివాళ్లు చెయ్యి పట్టుకుంటే అరవడం. గుండీ ఒక్కటి నేర్పడానికి ఏడాది పట్టిన పిల్లలున్నారు. వారంలో కొన్ని రోజులు బస్సెక్కి ఊళ్లు తిరిగి, బడికి రాలేని పిల్లల్ని ఇళ్లలో చూసేదాన్ని. ఈ ఉద్యోగంలో సగం పిల్లలకు నేర్పడం, మిగతా సగం తల్లులు చెప్పేది వినడం. రెండోదానికి శిక్షణ లేదు.

నిఘంటువు

ఇంటర్‌తో నా చదువు ఆగిపోయింది. బడిలో మొదట ఆయాగా చేరాను, తర్వాత డిప్లొమా సంపాదించాను. డాక్టర్ల ఇంగ్లీషు మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. సాయంత్రం బడి వదిలాక గ్రంథాలయానికి వెళ్లి, మాటల పుట్టుక చెప్పే పెద్ద నిఘంటువు బల్ల మీద పెట్టుకుని కూర్చునేదాన్ని. “మీరొచ్చాకే దీనికి దుమ్ము వదిలిందమ్మా” అనేవాడు అక్కడి లైబ్రేరియన్. ఆ మాటకు ఇప్పటికీ గర్వపడతాను.

మా పిల్లల మీద డాక్టర్లు వాడిన ఇంగ్లీషు మాటలన్నీ అందులో వెతికాను. ఇడియట్ అనేది పుట్టినచోట తిట్టే కాదు. గ్రీకు భాషలో, ఊరి వ్యవహారాల్లో తలదూర్చకుండా తన పని తాను చూసుకునే మనిషి అని అర్థం. తర్వాత చదువురానివాడయ్యాడు. ఆపైన కోర్టులూ వైద్యులూ ఆ మాటను తీసుకుని బుద్ధి వికసించని మనిషికి తగిలించారు. ఇంబెసైల్ అంటే లాటిన్‌లో బలహీనుడు. చేతికర్ర ఊతం లేనివాడని విడదీసి చెప్పేవాళ్లూ ఉన్నారు. మోరాన్ అనే మాటనైతే ఒక అమెరికా శాస్త్రవేత్త గ్రీకులోంచి తీసి తయారుచేశాడు, తన పరీక్షల్లో ఒక తరగతి మనుషులకు పేరు కావాలని.

అన్నిటికంటే నన్ను కదిలించింది క్రెటిన్. ఆల్ప్స్ కొండల పల్లెల్లో గొంతు వాచి, ఎదుగుదల ఆగిపోయిన మనుషులను అలా పిలిచారు. దాని మూలం క్రైస్తవుడు అన్న మాటేనట. వీళ్లు పశువులు కారు, మనలాంటి మనుషులే అని గుర్తు చేయడానికి అలా అన్నారని నిఘంటువు వివరణ. అంత జాలితో పుట్టిన మాట ఇప్పుడు ఎవరినైనా అంటే చెంప పగలగొడతారు.

ఇక రిటార్డెడ్. లాటిన్‌లో దీని వేరుకు అర్థం నిదానం. ఏదైనా ఆలస్యమైతే, వెనకబడితే వాడే మామూలు మాట. ఇడియట్, ఇంబెసైల్, మోరాన్ మూడూ వీధి తిట్లయిపోయాక, తల్లిదండ్రుల మనసు నొప్పించకూడదని వైద్యులు ఎంచుకున్న మెత్తని మాట. నేను పనిలో కుదురుకునేసరికి ఇంగ్లీషు దేశాల్లో బడి పిల్లలు దాన్నీ తిట్టుగా విసురుకుంటున్నారు. ఆ సంగతి మా దాకా రాలేదు. తొంభైల చివర గుంటూరులో అది ఇంకా ఇస్త్రీ మడత నలగని మాట. మెంటల్లీ రిటార్డెడ్, పొట్టిగా ఎం.ఆర్., ఊళ్లలో ఎమ్మార్.

డాక్టరుగారి మైకు

మా డాక్టరుగారు కోపిష్టి, నిజాయితీపరుడు. ఎవరి దగ్గరా చెయ్యి చాచకుండా పెన్షన్ డబ్బుతో బడి నడిపారు. ఆయనకు ఒకే పట్టుదల ఉండేది, పిచ్చి అన్న మాటను ఊళ్లలోంచి తరిమేయాలని. “మాట మారితే చూపు మారుతుందమ్మా” అనేవారు. నేనూ నమ్మాను. ఇంత చదివినదాన్ని, ఇంగ్లీషు మాటకు శక్తి ఉందని నమ్మకపోతే ఎలా?

ప్రత్తిపాడు దాటాక ఒక ఊళ్లో, మిరప కోతలు మొదలైన రోజుల్లో, బడి ఆవరణలో క్యాంపు పెట్టాం. డాక్టరుగారు మైకు పట్టుకున్నారు.

“మీ బిడ్డల్ని పిచ్చోడు అనకండి. మొద్దు అనకండి. మెంటల్ అనకండి. పిచ్చి వేరు, ఇది వేరు. దీన్ని ఎం.ఆర్. అంటారు. ఏమంటారు?”

“ఎమ్మార్!” గోడెక్కి కూర్చున్న బడి పిల్లలు ఒక్క గొంతుతో అరిచారు.

డాక్టరుగారి మొహం వెలిగిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆదిలక్ష్మి అనే ఆమె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. మోకాళ్ల నొప్పులతో కుంటుతోంది. భర్త లేడు. కూతురు కోటేశ్వరికి ఇరవై ఏళ్లుంటాయి. మొగవాళ్ల పొడుగు చేతుల చొక్కా చీర మీద తొడుక్కుని, చేలోంచే నేరుగా వచ్చింది. చేతులు ఎర్రగా ఉన్నాయి. డాక్టరుగారు పూసలిచ్చి రంగుల వారీగా వేరుచేయమన్నారు. ఆ అమ్మాయి అన్నిటినీ ఒకే గిన్నెలో వేసి మా వంక చూసి నవ్వింది. ఐదు దాటాక అంకెలు కలిసిపోతున్నాయి. అడిగిన మాటకు జవాబు వస్తోంది కానీ, మనం మరో మాటకు వెళ్లిపోయాక వస్తోంది.

“అయ్యా, గ్రహణం పూట నేను కత్తిపీట ముట్టుకున్నాను,” అంది ఆదిలక్ష్మి గొంతు తగ్గించి. “మా అత్త పోయేదాకా అదే అనేది. నీ చేతులారా బిడ్డను ఇట్టా చేసుకున్నావని.”

“గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదమ్మా. నీ తప్పు కాదు. దీనికి ఒక పేరుంది.” డాక్టరుగారు ఆ రెండక్షరాలూ చెప్పారు.

“పేరుందా అయ్యా దీనికి?” అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఇరవై ఏళ్ల నేరం మెడ మీద నుంచి దించినట్టు ఏడ్చింది. ఆ మాటకు నేనివ్వగలిగిన గౌరవం ఇదే: ఆ రోజు అది ఒక తల్లికి మేలు చేసింది. సర్టిఫికెట్టు వచ్చింది, బస్సు పాసు వచ్చింది. ఆదిలక్ష్మి దాన్ని వీధిలో అందరికీ చూపించింది. “మా కోటి మొద్దు కాదంట. ఎమ్మారంట. గుంటూరు డాట్టరుగారు చెప్పాడు.”

ఎదురు కోత

తర్వాతి వారం నేను పాఠం చెప్పడానికి వెళ్తే కోటేశ్వరి ఇంట్లో లేదు. “కోతకు పోయిందమ్మా. అది లేకపోతే ముఠా కదలదు” అంది తల్లి. చేను వెతుక్కుంటూ వెళ్లాను.

మిరప కోతకు ఆ ఊళ్లో ఆడవాళ్లు ముఠాగా వెళ్తారు. వాళ్లకు మేస్త్రి సుబ్బరత్తమ్మ, గట్టి గొంతు మనిషి. చేలో దిగగానే తలొక సాలు పడతారు, అంటే ఒక్కొక్కరికి ఒక మొక్కల వరస. ఈ గట్టు నుంచి కోసుకుంటూ ఆ గట్టుకు చేరాలి. అందరి చేతివాటం ఒకటి కాదు. ముందు చేరినవాళ్లు గట్టు మీద కూర్చోరు. వెనక్కి తిరిగి, ఎవరి సాలు మిగిలిందో ఆ సాల్లో అవతల నుంచి ఎదురు కోసుకుంటూ వస్తారు. జ్వరమొచ్చిన మనిషికి, కడుపుతో ఉన్న మనిషికి, రాత్రి మొగుడి చేత దెబ్బలు తిన్న మనిషికి, ఆ రోజు ఎవరు వెనకబడితే వాళ్లకు. రేపు వీళ్లు వెనకబడతారు. అందుకే లెక్కలుండవు.

కోటేశ్వరి రోజూ వెనకే. ప్రతి కాయా తిప్పి చూసి, పండిందని తేల్చుకుని కోస్తుంది. సగం సాల్లో ఉండగానే అవతలి నుంచి మస్తాన్‌బీ అనే నడివయసు ఆమె ఎదురొచ్చేది.

“ఏమే మొద్దూ, కాయకాయకీ పెళ్లిచూపులు జూస్తన్నావా?”

కోటేశ్వరి కొంచెం ఆగి, “ఇది బాగుంది పిన్నీ” అని ఒక కాయ చూపించేది. చేలో అందరూ నవ్వేవాళ్లు. సుబ్బరత్తమ్మ కేకేసేది: “ఒసే మస్తానూ, పెళ్లికొడుకు కుదిరాడులే గానీ సాలు కానీండి, పొద్దు పోతంది!”

కోటేశ్వరి ఊరికే సాయం తీసుకునేది కాదు. కాలవ నుంచి నీళ్ల బిందె అదే మోసేది. చంటిపిల్లల తల్లులు గట్టు మీద పాత చీరలు కట్టి నీడ చేసి, బిడ్డల్ని దాని ఒళ్లో వదిలి సాలెక్కేవాళ్లు. ఏడ్చే బిడ్డను ఊరుకోబెట్టడంలో దానికి తొందర లేదు, విసుగు లేదు.

నేను గట్టు మీద నిలబడి అది చూశాను. నా సంచిలో రంగు పూసలున్నాయి. తీయకుండానే బస్సెక్కాను.

మాట తిరిగిన దారి

వానలు వచ్చాయి, పత్తి వచ్చింది, పురుగు వచ్చింది. ఆ ఏడు నేను ఊళ్లోకి వెళ్లినప్పుడల్లా మా మాట నాకంటే ముందు అక్కడ ఉండేది. క్రికెట్ ఆడే కుర్రాళ్లు క్యాచ్ వదిలేసినవాడిని “ఒరేయ్ ఎమ్మార్‌గా!” అన్నారు. స్టార్టు కాని ఆటోను డ్రైవరు తన్ని “ఎమ్మార్ బండి” అన్నాడు. పురుగుమందుల కొట్టు అరుగు మీద ఒక రైతు, “కొట్టినా పురుగు చావలా. ఎమ్మార్ మందు అంటగట్టాడు” అంటే అందరూ నవ్వారు. నవ్వని మనిషిని నేనొక్కదాన్నే. నిఘంటువులో వందల ఏళ్లకు జరిగిన పని, ఆ ఊళ్లో ఒక పంట కాలంలో జరిగిపోయింది.

కోతలు మళ్లీ మొదలయ్యాక వెళ్తే కోటేశ్వరి ఇంటి ముందు కూర్చుని ఉంది. పొడుగు చేతుల చొక్కా తొడుక్కునే ఉంది.

“రావొద్దన్నారమ్మా,” అంది ఆదిలక్ష్మి. “పొద్దున్నే తయారై కూర్చుంటది. నేను చెప్తే ఇనదు.”

సుబ్బరత్తమ్మను చేలోనే పట్టుకున్నాను. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, నన్ను చూడకుండా మాట్లాడింది.

“నన్నేం జేయమంటావు టీచరమ్మా? రైతే వద్దన్నాడు. మందు కొట్టిన చేను, గవర్నమెంటు రాసిచ్చిన మనిషి, కళ్లు తిరిగి పడితే కేసు నా మీదకొస్తదన్నాడు.”

“ఇన్నేళ్లూ మందు కొట్టిన చేలో దిగలేదా?”

“ఇన్నేళ్లూ అది మొద్దు. కాస్త నిదానం. నిదానమైనోళ్లకి ఎదురు కోస్తాం, ఈ రోజు నువ్వు, రేపు నేను. ఇప్పుడది నిదానం కాదంట, జబ్బంట. మీరేగా మైకులో చెప్పింది. జబ్బు మనిషికి దినామూ ఎవరు కోస్తారు చెప్పు?”

“నీళ్లు మోస్తుంది కదా. పిల్లల్ని చూస్తుంది కదా.”

“పిల్లల్నా?” ఆమె మొదటిసారి నా వంక చూసింది. “మా కోడలు బిడ్డను దాని చేతికియ్యనంటంది. ఎమ్మార్ మనిషి ఎప్పుడేం జేస్తదో అని. నేనేమన్నా అంటే, మీకంటే డాట్టరుకి తెలవదా అంటంది.”

ఎం.ఆర్. జబ్బు కాదని, అంటుకోదని, హాని చెయ్యదని చెప్పాను. పుస్తకంలో ఉన్నదంతా చెప్పాను. ఆ మాటకు అసలు అర్థం నిదానమే అని కూడా చెప్పాను. సుబ్బరత్తమ్మ శ్రద్ధగా విన్నది.

“అట్టయితే నిదానమనే ఒదిలేయకపోయారా?” అంది.

డాక్టరుగారికి చెబితే, “మాట తప్పు కాదమ్మా, జనం తప్పు” అన్నారు. అందులో అబద్ధం లేదు, అలాగని అది ఎవరికీ పనికి రాలేదు. కానీ ఆయన ఊరుకునే మనిషి కాదు. నెల తిరగకముందే మళ్లీ అదే బడి ఆవరణలో మైకు పట్టుకున్నారు. ఇకపై ఎం.ఆర్. అనవద్దని, ప్రత్యేక అవసరాలు ఉన్నవారు అనాలని చెప్పారు. ముందు వరసలో కూర్చున్న సుబ్బరత్తమ్మ అంతా విని లేచింది.

“అంటే ఎమ్మారేగా డాట్టరుగారూ?”

జనం గొల్లుమన్నారు. ఆయన మైకు పక్కన పెట్టి కూర్చుండిపోయారు. ఆ తర్వాత ఆయన క్యాంపులకు రావడం తగ్గించారు. నేను పనిచేసిన పెద్దవాళ్లలో ఆయనే ఉత్తముడని ఇప్పటికీ అంటాను. మంచి మనసు ఒక ఊరి పని తీరును ఎంత తక్కువగా చూడగలదో కూడా ఆయన దగ్గరే చూశాను.

ఒక్క రోజు

కొత్తగా వస్తున్న మీరు ఇది చదివి, మాటలతో పనిలేదని అనుకోవద్దు. తిట్టును తిట్టు అనే చెప్పాలి. కానీ ఒక ఇంటికి కొత్త పేరు పట్టుకెళ్లేముందు, అక్కడ పాత పేరుతో ఆ బిడ్డ ఎలా బతుకుతోందో చూడండి. ఎవరు అన్నం పెడుతున్నారు, ఎవరు పనికి పిలుస్తున్నారు, ఎవరు నవ్విస్తున్నారు. ఏ పాఠ్యపుస్తకంలోనూ ఈ పరీక్ష లేదు. మాటల బరువు కాగితం మీద తూచేవాళ్లు మనలో ఎక్కువ, నేనూ అందులోదాన్నే.

సుబ్బరత్తమ్మను బతిమాలాను, రైతును బతిమాలాను. ఏమైనా అయితే బాధ్యత నాదని అందరి ముందూ అన్నాను. చివరికి ఒక్క రోజుకు ఒప్పుకున్నారు. ఆ రోజు నేనూ చేనికి వెళ్లాను.

కోటేశ్వరికి చివరి సాలు ఇచ్చారు. అది ఎప్పటిలాగే కాయ కాయా తిప్పి చూస్తూ కోసింది. మిగతావాళ్లు గట్టు చేరారు. కొందరు మంచినీళ్లు తాగారు, కొందరు ఇంకెవరి సాల్లోకో తిరిగారు. మస్తాన్‌బీ లేచి చివరి సాలు దాకా వచ్చి నిలబడింది. వెనక ఎవరో, “ఏందే మస్తానూ, నీక్కూడా అంటుకుందా?” అన్నారు. నవ్వులు వినిపించాయి. ఆమె తలగుడ్డ సర్దుకుని పక్క సాల్లోకి వెళ్లిపోయింది.

కోటేశ్వరి సగం సాల్లో ఆగిపోయింది. కోయడం మానేసి, ఎదురుగా గట్టు వైపు చూస్తూ నిలబడింది. అలిసిపోయిందేమోనని నేను కేకేశాను. అది నా వంక తిరగలేదు. అవతలి నుంచి ఎవరో రావాలి. వస్తే తను మిగతాది కోస్తుంది. దానికి తెలిసిన పని తీరు అదే, ఇంకొకటి ఎవరూ నేర్పలేదు. నేను చెప్పులు విడిచి అవతలి గట్టు నుంచి సాల్లో దిగి కోయబోయాను. పచ్చివీ పండువీ కలిపి తెంపాను, ఒక కొమ్మ విరిచాను. రైతు పరిగెత్తుకొచ్చాడు. “అమ్మా, మీకు దణ్ణం పెడతా, బయటికి రండి.”

అది అలా నిలబడే ఉంది. ముఠా తర్వాతి మడికి వెళ్లిపోయాక నేనే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చాను.

ఆదిలక్ష్మి నన్ను ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత నేను వెళ్లినప్పుడు మంచం వాల్చి కూర్చోబెట్టింది, మజ్జిగ ఇచ్చింది. నేను గ్లాసు కింద పెట్టేదాకా ఆగి అడిగింది.

“టీచరమ్మా, పేరు పెట్టినట్టే, పేరు తీసేసే సర్టిఫికెట్టు ఏమన్నా ఇస్తారా గుంటూర్లో?”

“ఇవ్వరమ్మా.”

“డాట్టరుగారే మైకులో చెప్పినా?”

“చెప్పినా.”

ఆమె తల ఊపింది. “మొద్దు అన్నప్పుడే బాగుండేదమ్మా. మొద్దుకి సాలిచ్చేవాళ్లు” అని గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లింది.

కోటేశ్వరి అరుగు మీద చొక్కా తొడుక్కుని, తలగుడ్డ చుట్టుకుని కూర్చుని ఉంది. ముఠాను ఎక్కించుకున్న ట్రాక్టరు వీధి మలుపు తిరిగి మా ముందుకొచ్చింది. కోటేశ్వరి లేచి నిలబడి చెయ్యి ఊపింది. వెనక ట్రక్కులోంచి ఒకరిద్దరు చేతులూపారు. ట్రాక్టరు ఆగలేదు.